కంటికి కరెంటు చికిత్స: మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి, ఫలితాన్ని ఎలా కొలవాలి

వయసుతో వచ్చే మాక్యులా (కంటి వెనకుండే రెటీనా తెరలో, సూటి చూపునిచ్చే మధ్యభాగం) క్షీణత పొడి రకం అని తేలినవాళ్లకు కంటి డాక్టరు దగ్గర దొరికే మాట చాలా చిన్నది. ఈ మాత్రలు వాడండి, గళ్ల కాగితం చూసుకుంటూ ఉండండి, ఆర్నెల్లకు మళ్లీ రండి. ఎదుటి మనిషి ముఖం ఉండాల్సిన చోట మసక మచ్చ కనిపిస్తున్నవాళ్లకు ఆ మాట ఆనదు. కరెంటు చికిత్స కోసం వెతుకులాట అక్కడే మొదలవుతుంది. ఇది బూటకం కాదు. అలాగని రుజువైన వైద్యమూ కాదు, ఇంకా ప్రయోగదశలోనే ఉంది. చేయించుకోవాలనుకుంటే ప్రయోగం చేసినట్టే చేయించుకోవాలి: ముందు కొలతలు రాసిపెట్టుకోవాలి, ఎప్పుడు ఆపాలో ముందే తేల్చుకోవాలి, నడుస్తున్న అసలు వైద్యాన్ని మానకూడదు. ఈ వరసలో ఎక్కువమంది ఎగ్గొట్టేది కొలతల పని.

ఏ కరెంటు గురించి మాట్లాడుతున్నాం?

ఒకే పేరు కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి.

మొదటిది మైక్రోకరెంటు. కళ్లు మూయించి, రెప్పల మీదా కంటి చుట్టూ ఉండే ఎముక అంచు మీదా ప్యాడ్లు గానీ తడి మొన ఉన్న ప్రోబులు గానీ ఆనించి, కొన్ని వందల మైక్రోఆంపియర్ల కరెంటు పంపుతారు. మిల్లీఆంపియర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రోఆంపియర్. చాలామందికి పెట్టినట్టే తెలియదు. మాక్యులా క్షీణతకు బయట ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండోది నల్లగుడ్డు మీదుగా పెట్టేది. వెండి పూత ఉన్న సన్నటి నైలాన్ దారాన్ని కింది రెప్ప అంచున, కార్నియాకు (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) ఆనేలా పెడతారు. ఇది ముఖ్యంగా రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బు కోసం తయారైంది. జర్మనీలో తయారయ్యే ఓకుస్టిమ్ పరికరానికి యూరప్‌లో అమ్మకానికి అవసరమైన సీఈ గుర్తు ఉన్నది ఆ జబ్బుకే. ఒక జబ్బుకు దొరికిన గుర్తు ఇంకో జబ్బుకు చెల్లదు. ప్రకటనల్లో ఈ తేడాను మెల్లగా దాటేస్తుంటారు.

మూడోది రెటీనా కింద అమర్చే చిప్. ప్రిమా అనే ఈ చిప్ 2 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు, వెంట్రుక కంటే సన్నగా 30 మైక్రాన్ల మందం ఉంటుంది. అందులో 378 బిందువులుంటాయి. కెమెరా ఉన్న కళ్లద్దాలు దృశ్యాన్ని పరారుణ కాంతిగా మార్చి చిప్ మీద వేస్తే, అది ఆ కాంతిని కరెంటుగా మార్చి రెటీనా లోపలి కణాలకు అందిస్తుంది. 2025 అక్టోబరులో వెలువడిన ఫలితాల ప్రకారం 38 మందికి దాన్ని అమర్చారు. ఏడాది పూర్తిచేసిన 32 మందిలో 26 మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. పొడి రకం బాగా ముదిరి మాక్యులా మధ్యభాగం పూర్తిగా చచ్చిపోయినవాళ్ల కోసం చేసిన ఆపరేషన్ అది. ‘కరెంటుతో చూపు వచ్చింది’ అనే వార్త చదివి ప్యాడ్ల చికిత్సకు పరుగెత్తే ముందు, ఆ వార్త ఈ చిప్ గురించేమో చూసుకోవాలి. చచ్చిన కణాల స్థానంలో పనిచేసేది చిప్. ప్యాడ్ల కరెంటు చచ్చిన కణాలను లేపదు. నీరసించినా ఇంకా బతికే ఉన్న కణాలకు ఊతమివ్వగలదన్నదే అక్కడి ఆశంతా.

ఆ ఆశకు ఆధారమేంటి?

ఆలోచన పాతదే. 1755లో ఫ్రెంచి వైద్యుడు షార్ల్ లెరాయ్ చూపులేని మనిషి తలకు తీగలు చుట్టి, లేడెన్ జాడీలో (విద్యుత్తును నిలవచేసే అప్పటి గాజు జాడీ) నిలవచేసిన విద్యుత్తును పంపాడు. ఆ మనిషికి మంటల్లాంటి వెలుగులు కనిపించాయి గానీ చూపు మాత్రం రాలేదు. వెలుగు కనిపించడం వేరు, చూపు రావడం వేరు. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా ఈ చికిత్స గదుల్లో జరిగే పొరపాటు అదే.

ఇప్పటి వాదన ప్రధానంగా మూడు అంశాల మీద నిలుస్తుంది. చిన్న కరెంటు తగిలితే రెటీనాలోని ముల్లర్ కణాలు, నరాల కణాలను బతికించే పోషక ప్రోటీన్లను ఎక్కువగా విడుదల చేస్తాయన్నది మొదటిది. 2005లో జపాన్ పరిశోధకులు కంటి నరం తెంపిన ఎలుకల్లో కార్నియా మీదుగా కరెంటు పెట్టి, చావాల్సిన కణాలు కొన్ని నిలిచాయని చూపించారు. రెటీనా వెనక పొరలో రక్తప్రసరణ మెరుగుపడుతుందన్నది రెండోది. మూడోది కణాలకు శక్తినిచ్చే ఏటీపీ గురించి. 1982లో ఎలుక చర్మం మీద చేసిన ప్రయోగంలో 500 మైక్రోఆంపియర్ల దగ్గర ఏటీపీ ఉత్పత్తి దాదాపు 5 రెట్లు పెరిగింది. కరెంటు వెయ్యి దాటి పెంచాక ఆ లాభం పోయి తగ్గుదల మొదలైంది. మైక్రోకరెంటు అమ్మేవాళ్లు చూపించే గ్రాఫ్ సాధారణంగా ఇదే. అది మనిషి మాక్యులా మీద గీసిన గ్రాఫ్ కాదు, ఎలుక చర్మం ముక్కలది. అయినా దాన్నుంచి తెలుసుకోవాల్సింది ఒకటుంది: కరెంటు పెంచితే ఫలితం పెరగదు, ఒక హద్దు దాటితే తిరగబడుతుంది.

మనుషుల మీద పరీక్షలు జరిగాయి, కానీ చిన్నవి. రెప్పల మీదుగా కరెంటు పెట్టి పొడి రకం మాక్యులా క్షీణత మీద చేసిన, 2013లో ప్రచురితమైన పరీక్షలో 22 మందే ఉన్నారు. అందులో చూపు కొంత మెరుగైంది. ఇరవై రెండు మంది మీద వచ్చిన మెరుగు ఇంకో పరీక్షకు దారి చూపుతుంది, అంతవరకే. రెటినైటిస్ పిగ్మెంటోసాలో 2011లో 24 మంది మీద ఆరు వారాలు చేసిన పరీక్ష ఆశ రేపింది. 2017లో వెలువడిన 52 మంది, 52 వారాల పరీక్షలో ఆ ఆశ అంత గట్టిగా నిలవలేదు. మాక్యులా క్షీణత కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన మైక్రోకరెంటు పరికరం 2024 చివరిదాకా లేదు. 2024 నవంబరులో అనుమతి వచ్చిన వాలెడా కరెంటు యంత్రం కాదు, 590, 660, 850 నానోమీటర్ల కాంతిని వాడే యంత్రం.

ముందు వడపోత

ఓసీటీ స్కాన్ (కాంతితో రెటీనా పొరల్ని కోసి చూసినట్టు చూపించే పరీక్ష) చేయించకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు. పొడి రకమా, తడి రకమా అన్నది దాంతో తేలుతుంది. తడి రకంలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు మొలిచి నీరో నెత్తురో కారుతుంటుంది. దానికి పనిచేసే వైద్యం ఉంది: రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్, ఫారిసిమాబ్ వంటి మందుల్ని కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఆ ఇంజెక్షన్లు వారాల తరబడి ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు. కరెంటు చికిత్సతో జరిగిన నష్టాల్లో పెద్దది ప్యాడ్ల వల్ల జరిగేది కాదు. తడి రకం ఉన్న మనిషి ఇంజెక్షన్లు వదిలేసి ప్యాడ్లు పెట్టించుకుంటూ కూర్చోవడమే అసలు నష్టం.

కింద చెప్పినవాళ్లు దీని జోలికి పోకూడదు:

పేస్‌మేకర్, గుండెలో షాక్ ఇచ్చే పరికరం, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో స్టిమ్యులేటర్ ఉన్నవాళ్లు. బయటి కరెంటును ఆ పరికరాలు గుండె కొట్టుకోవడమో నరం సంకేతమో అనుకుని తప్పుగా స్పందించవచ్చు.

మూర్ఛ ఉన్నవాళ్లు. సెకనుకు 15 నుంచి 25 సార్లు వచ్చే మినుకుమినుకులు మూర్ఛను రేపగలవు. కార్నియా పద్ధతిలో వాడే 20 హెర్ట్జ్ (సెకనుకు 20 సార్లు) ఆ పరిధిలోనే ఉంది.

ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లు, రెటీనా ఊడినవాళ్లు, కంట్లో నెత్తురు కారుతున్నవాళ్లు, కంటికో రెప్పకో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, ముఖం దగ్గర కేన్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు.

ఇంకొకటి. శుక్లం ముదిరి ఉంటే, కళ్లు పొడిబారి మంటపెడుతుంటే, అద్దాల పవర్ మారి ఉంటే ముందు వాటిని సరిచేయించుకోవాలి. లేకపోతే మూడో వారంలో కొత్త అద్దాలు వస్తాయి, నాలుగో వారంలో చూపు మెరుగుపడుతుంది, పేరు మాత్రం యంత్రానికి దక్కుతుంది.

కొలతలు: అసలు పని ఇక్కడే

మొదటి సిట్టింగ్‌కు కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. ఏ కన్నుకు ఆ కన్ను విడిగా, రెండో కన్ను అరచేత్తో మూసి. కంటిని నొక్కకూడదు, నొక్కితే అది తెరిచాక కాసేపు మసకగా ఉండి తర్వాతి కొలత చెడుతుంది.

గళ్ల కాగితం. దీన్ని ఆమ్స్లర్ గ్రిడ్ అంటారు, ఇంట్లోనే గీసుకోవచ్చు. తెల్ల కాగితం మీద 10 సెంటీమీటర్ల చదరం వేసి, 5 మి.మీ.కు ఒకటి చొప్పున అంచులతో కలిపి అడ్డంగా 21 గీతలు, నిలువుగా 21 గీతలు నల్ల ఇంకుతో గీయాలి. మొత్తం 400 గళ్లు వస్తాయి. సరిగ్గా మధ్యలో 2 మి.మీ. చుక్క పెట్టాలి. దాన్ని కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఒక్కో గడి చూపులో దాదాపు ఒక డిగ్రీ అవుతుంది. అంటే చుక్కకు నాలుగు వైపులా 10 డిగ్రీల మేర, మాక్యులా చూసే ప్రాంతమంతా కాగితంలోకి వస్తుంది.

దాన్ని కావలసినన్ని జిరాక్సులు తీయించి, వారానికి ఒక్కో కంటికి ఒక్కోటి వాడాలి. చుక్కనే చూస్తూ, కన్ను తిప్పకుండా, గీతలు వంగిన చోటును పెన్సిలుతో చుట్టాలి, మాయమైన చోట అడ్డగీతలు కొట్టాలి. తేదీ, కుడి కన్నా ఎడమ కన్నా అన్నది అక్కడే రాయాలి. చదివే అద్దాలు పెట్టుకునే చూడాలి. ప్రోగ్రెసివ్ అద్దాలు (గీత లేకుండా దూరానికీ దగ్గరికీ ఒకటే అద్దం) మాత్రం వద్దు, వాటి పక్క అంచులు మంచి గీతను కూడా వంచి చూపిస్తాయి. పైగా మెదడు తెలివైనది, చిన్న ఖాళీల్ని పక్క గళ్లను చూసి తనే పూడ్చేస్తుంది. కాబట్టి కాగితం బాగుందంటే కన్ను బాగున్నట్టు కాదు. కాగితం పాడైందంటే మాత్రం కచ్చితంగా ఏదో మారినట్టే.

చదివే వేగం. ఒకే పుస్తకంలోంచి, ఇంతకు ముందు చదవని పేజీలు ఎంచుకోవాలి. ప్రతిసారీ కొత్త పేరా కావాలి. అదే పేరా మళ్లీ మళ్లీ చదివితే మూడోసారికి నోటికి వచ్చేస్తుంది. 100 మాటలు లెక్కపెట్టి గుర్తుపెట్టి, పైకి చదువుతూ ఎన్ని సెకన్లు పట్టిందో ఇంకొకరితో చూపించుకోవాలి. మూడు వేర్వేరు రోజులు ఇలా చేసి మధ్య అంకెను తీసుకోవాలి. 92, 110, 97 సెకన్లు వస్తే మొదటి కొలత 97.

ఇక్కడ అందరూ పట్టించుకోనిది దీపం. పుస్తకానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న దీపాన్ని 20కి జరిపితే పేజీ మీద పడే వెలుగు నాలుగు రెట్లవుతుంది. మాక్యులా జబ్బు ఉన్న కంటికి ఆ వెలుగే పెద్ద మందు, కాబట్టి చదివే వేగం ఎగబాకుతుంది. బల్బు, దూరం, కుర్చీ, రోజులో సమయం అన్నీ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. నేల మీద చాక్‌పీసుతో కుర్చీ కాళ్ల గుర్తులు గీసుకున్నా తప్పులేదు.

క్లినిక్‌లో చేయించాల్సినవి. ఈటీడీఆర్ఎస్ చార్టుతో (పరిశోధనల్లో వాడే చూపు చార్టు) అక్షరాల లెక్క, పెల్లీ-రాబ్సన్ చార్టుతో కాంట్రాస్ట్ (వెలిసిన అక్షరాలను పట్టగల శక్తి), ఓసీటీ, ఫండస్ ఆటోఫ్లోరసెన్స్ ఫోటో (చచ్చిన చోట్లను చూపించే రెటీనా ఫోటో). ‘చూపు 6/18’ అని మాత్రమే రాసిస్తే చాలదు, ఎన్ని అక్షరాలు చదివారో రాయమని అడగాలి. ఈ చార్టులో వరసకు 5 అక్షరాలుంటాయి. మూడు వరసలు, అంటే 15 అక్షరాలు పెరిగితే సగం సైజు అక్షరాన్ని చదవగలుగుతున్నట్టు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. అదే కన్నును అదే వారంలో రెండుసార్లు కొలిచినా 5 అక్షరాలు అటూ ఇటూ అవుతాయి. మధ్యలో మచ్చ ఉన్న కంట్లో ఈ ఊగిసలాట 10 దాకా పోతుంది. ఆ మనిషి ఒకరోజు మచ్చ పక్కనున్న మంచి చోటుతో అక్షరాన్ని పట్టుకుంటాడు, ఇంకోరోజు పట్టుకోలేడు. సిట్టింగులు గడిచేకొద్దీ చార్టు చదివే ఒడుపు పెరుగుతుంది. దానికి తోడు ఆశ. పైన చెప్పిన కాంతి యంత్రపు ప్రధాన పరీక్షలో అసలు చికిత్స పొందిన కళ్లు 13 నెలలకు సగటున 5.4 అక్షరాలు మెరుగైతే, ఉత్తుత్తి చికిత్స పొందిన కళ్లూ 3 అక్షరాలు మెరుగయ్యాయి. కాబట్టి ‘నాకు నాలుగక్షరాలు పెరిగాయి’ అన్న మాటకు విలువ తక్కువ.

చికిత్స చేసేవాళ్లను అడగాల్సినవి

పరికరం పేరు, అది ఏ జబ్బుకు అనుమతి పొందింది? వాడే కరెంటు ఎన్ని మైక్రోఆంపియర్లు, ఎన్ని హెర్ట్జ్, ఎంతసేపు? పల్స్ రెండు దిక్కులా సమానంగా పోతుందా, లేక ఒకే దిక్కున పోతుందా? చికిత్సకు ముందూ తర్వాతా చూపు కొలిచేది ఎవరు, చికిత్స అమ్మేవాళ్లేనా? ఓసీటీలో నీరు కనిపిస్తే వెంటనే ఎవరికి పంపుతారు?

పల్స్ దిక్కు గురించి ఎందుకు అడగాలంటే, కరెంటు ఒకే దిక్కున పోతుంటే ప్యాడ్ కింద చెమట ఉప్పు విడిపోయి ఒకవైపు క్షారం, ఒకవైపు ఆమ్లం తయారవుతాయి. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పల్చనిది. అక్కడ క్షారం చేరితే పుండు పడుతుంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు సమానంగా పోయే పల్స్‌లో ఈ గొడవ ఉండదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాళ్లకు తమ యంత్రం గురించి తెలియదని అర్థం.

ఇది క్లినికల్ ట్రయల్ అని చెబితే రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. అమెరికా రిజిస్ట్రీలో అది ఎన్‌సీటీ అన్న అక్షరాల తర్వాత 8 అంకెలతో ఉంటుంది, వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. అక్కడ నమోదు ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, కానీ ఎవరికి ఉత్తుత్తి చికిత్స ఇస్తారో, ఏం కొలుస్తారో తెలుస్తుంది. ఉత్తుత్తి గుంపే లేకుండా ‘ట్రయల్’ పేరుతో ఇరవై సిట్టింగుల సొమ్ము ముందే కట్టమంటే అది అమ్మకమే.

సిట్టింగ్ ఎలా జరగాలి

మైక్రోకరెంటుకు: కాంటాక్ట్ లెన్సులు, కాటుక, క్రీమ్, నూనె ఏవీ ఉండకూడదు. సబ్బుతో ముఖం కడిగి తుడవాలి. ప్యాడ్లు తడిగా, మొత్తం వైశాల్యం చర్మానికి అతుక్కునేలా ఉండాలి. కళ్లు మూసే ఉంచాలి. రెండో ఎలక్ట్రోడు కణత మీదో మెడ వెనకో ఉంటుంది, మెడ ముందు వైపు మాత్రం ఎప్పుడూ పెట్టనివ్వకూడదు. అక్కడి మెడ ధమనిలో రక్తపోటును చూసుకునే నరాలుంటాయి. వాటిని రేపితే గుండె వేగం పడిపోతుంది. కరెంటును సున్నా నుంచి మెల్లగా పెంచాలి, ముగించేటప్పుడు కూడా మెల్లగానే దించాలి.

కార్నియా మీదుగా అయితే ఇంకొన్ని మెట్లున్నాయి. ముందు కంట్లో మత్తు చుక్కలు వేస్తారు. కణత మీద చర్మాన్ని తుడిచి రెండో ఎలక్ట్రోడు అతికిస్తారు. దారాన్ని కింది రెప్ప అంచున ఆనిస్తారు. గది మసకగా చేసి, కరెంటును చిన్నచిన్న మెట్లుగా పెంచుతూ ‘ఎప్పుడు మినుకు కనిపిస్తే అప్పుడు చెప్పండి’ అంటారు. మొదటి మినుకు కనిపించిన కరెంటే ఆ కంటి గడప. పరీక్షల్లో చికిత్సకు వాడింది ఆ గడపకు 150 నుంచి 200 శాతం, 20 హెర్ట్జ్ వేగంతో, వారానికోసారి 30 నిమిషాలు. ఇంటికొచ్చాక మత్తు పూర్తిగా తగ్గేదాకా కన్ను నలపకూడదు. మత్తులో గీరుకున్నా తెలియదు, సాయంత్రానికి పుండు తెలుస్తుంది.

ఏం తేడా కొడుతుంది, ఎందుకు?

సూదులు గుచ్చినట్టు చురుక్కుమంటే కరెంటు ఎక్కువైందని అనుకోనక్కర్లేదు, చాలాసార్లు ప్యాడ్ ఆరిపోయి ఉంటుంది. 200 మైక్రోఆంపియర్ల కరెంటు ఒక చదరపు సెంటీమీటరు ప్యాడ్ అంతటా పరుచుకుని పోతుంటే ఏమీ తెలియదు. ప్యాడ్ అంచులు లేచి పదో వంతు మాత్రమే అంటుకుని ఉంటే, అదే కరెంటు ఆ చిన్న చోటు గుండా పదింతల సాంద్రతతో దూరుతుంది. ఈ యంత్రాలు చాలావరకు కరెంటును స్థిరంగా ఉంచేవి కాబట్టి, చర్మం ఆరి అడ్డు పెరిగితే వోల్టేజీని పెంచుకుంటూ పోతాయి. అడ్డు 5 వేల ఓమ్‌లు ఉన్నప్పుడు 1 వోల్టు సరిపోయే చోట, 50 వేలకు పెరిగితే 10 వోల్టులు తోస్తాయి. చురుక్కుమనగానే ఆపించి, ప్యాడ్ తడిపించి మళ్లీ మొదలుపెట్టించాలి. ఓర్చుకుని కూర్చుంటే ఎర్రటి మచ్చ మిగులుతుంది.

రెప్ప అదరడం, కనుబొమ్మ లాగడం: ఎలక్ట్రోడు ముఖ కండరాల నరం మీద పడింది. కొన్ని మిల్లీమీటర్లు జరిపితే పోతుంది.

నోట్లో ఇనప రుచి: ముఖం మీద పెట్టే కరెంటు నాలుక రుచి నరాలను కూడా తాకుతుంది. హాని లేదు, కరెంటు కాస్త తగ్గించమనొచ్చు.

మినుకులు అసలు కనిపించకపోవడం: మైక్రోకరెంటులో ఇది మామూలే, పనిచేయడంలేదని అనుకోవద్దు. కనిపించినా పనిచేస్తోందనీ అనుకోవద్దు. రెటీనా కరెంటుకు స్పందించిందని మాత్రమే అది చెబుతుంది.

కార్నియా పద్ధతిలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు కంట్లో ఇసుక పడ్డట్టు ఉండటం, పొడిబారడం. లూబ్రికెంట్ చుక్కలతో రెండు రోజుల్లో తగ్గాలి. తగ్గకుండా కన్ను ఎర్రబడి వెలుగు చూడలేకపోతే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

సొంత ప్రయోగాలు

మోకాళ్ల నొప్పులకు వాడే టెన్స్ మిషన్ను కళ్ల మీద పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్టకూడదు. అది పదుల మిల్లీఆంపియర్ల దాకా వెళుతుంది, అంటే కంటి యంత్రాలకు దాదాపు వంద రెట్లు. దాని పుస్తకంలోనే కళ్ల మీద వద్దని రాసి ఉంటుంది.

బ్యాటరీతో తయారుచేసుకునే బొమ్మలు ఇంకా ప్రమాదం. 9 వోల్టుల బ్యాటరీని తడి ప్యాడ్లతో రెప్పకూ మెడకూ తగిలిస్తే, తడి చర్మం అడ్డు 2 వేల ఓమ్‌లు అనుకున్నా 4,500 మైక్రోఆంపియర్లు పోతాయి. అది కూడా ఒకే దిక్కున. ఎలుక చర్మంలోనే లాభం పోయిన హద్దుకు నాలుగున్నర రెట్లన్నమాట. ఒక రెసిస్టరు పెడితే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు చర్మం అడ్డు నిమిషనిమిషానికీ మారుతుందన్న సంగతి మర్చిపోతారు.

ఎప్పుడు ఆపాలి?

మొదటి సిట్టింగ్ రోజునే క్యాలెండరులో మూడు నెలల తర్వాతి తేదీని చుట్టాలి. ఆ రోజు, చికిత్స చేసినవాళ్లతో సంబంధంలేని కంటి డాక్టరు దగ్గర మొదట చేయించిన పరీక్షలన్నీ అదే చార్టుతో, అదే అద్దాలతో మళ్లీ చేయించాలి. అక్షరాల లెక్క 10కి పైగా పెరిగి, చదివే వేగం కూడా అదే దిక్కున కదిలితే ఇంకో మూడు నెలలు సాగించడంలో అర్థముంది. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే, రెండూ అక్కడే ఉంటే ఆపేయొచ్చు. ‘మేం పెట్టకపోతే ఇంకా పాడయ్యేది’ అన్న మాట మూడు నెలల్లో తేలేది కాదు. పొడి రకం మెల్లగా నడిచే జబ్బు, ఏ వైద్యం లేకుండానే చాలా కళ్లు ఒక సంవత్సరం ఉన్నచోటే ఉంటాయి.

మూడు నెలలు ఆగకుండా అదే రోజు పరుగెత్తాల్సిన సందర్భం ఒకటుంది. తలుపు చట్రం, విద్యుత్ స్తంభం వంటి నిటారు గీతలు కొత్తగా వంగి కనిపించినా, గళ్ల కాగితం మీద గత వారం లేని మచ్చ వచ్చినా, పొడి రకం తడిగా మారిందేమో అనుకోవాలి. కరెంటు చికిత్స ఆ క్షణమే ఆపి, ఓసీటీ చేయించి, అవసరమైతే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి.

దీని పక్కన నడవాల్సినవి

మధ్యస్థ దశకు చేరినవాళ్లకు ఏఆర్ఈడీఎస్ 2 (అదే పేరున్న పెద్ద పరీక్షలో తేలిన విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) మాత్రలకు గట్టి ఆధారం ఉంది. రోజుకు విటమిన్ సి 500 మి.గ్రా., విటమిన్ ఇ 400 యూనిట్లు, ల్యూటిన్ 10 మి.గ్రా., జియాజాంథిన్ 2 మి.గ్రా., జింక్ 80 మి.గ్రా., రాగి 2 మి.గ్రా. జింక్ ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గుతుంది, అందుకే రాగి కలిపారు. 2001లో వచ్చిన మొదటి పరీక్షలో ఈ తరహా మాత్రలు ముదిరే ప్రమాదాన్ని ఐదేళ్లలో సుమారు 25 శాతం తగ్గించాయి. పాత ఫార్ములాలో ఉన్న బీటా కెరోటిన్ పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు పెంచుతుంది కాబట్టి డబ్బా మీద అది లేదని చూసి కొనాలి. పొగ మానడం మాత్రలకంటే ముందు. పొడి రకం ముదిరి మాక్యులాలో పొర చచ్చిపోతున్నవాళ్లకు, ఆ వేగం తగ్గించే పెగ్‌సెటాకోప్లాన్, అవాసిన్‌కాప్టాడ్ పెగోల్ ఇంజెక్షన్లకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవి పోయిన చూపును తేవు, కొన్ని కళ్లు తడి రకానికి తిరిగే ముప్పును పెంచుతాయి. వాటి గురించి రెటీనా డాక్టరుతోనే తేల్చుకోవాలి.

చూపుకు ఇవాళే తేడా తెచ్చేవి మాత్రం భూతద్దం, దీపం. భూతద్దం పవర్ను 4తో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో వస్తుంది. 20 డయాప్టర్ల అద్దం 5 రెట్లు పెంచుతుంది, దాన్ని పేజీకి 5 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకోవాలి. ఆ ఎత్తు అటూ ఇటూ అయితే అక్షరం మసకబారుతుంది. చేయి వణికేవాళ్లు కాళ్లున్న స్టాండ్ భూతద్దం తీసుకోవడం మేలు, ఎత్తు అదే చూసుకుంటుంది. దీపాన్ని మంచి కన్ను ఉన్న వైపు నుంచి, భుజం పక్కగా, కాంతి కంట్లో పడకుండా పేజీ మీద పడేలా పెట్టుకోవాలి. కొలతల రోజుల్లో మాత్రం దాన్ని 40 సెంటీమీటర్ల గుర్తు దగ్గరికి తిరిగి జరపడం మర్చిపోవద్దు.